రాగిరేకుల మీది మాటలు – మన గొంతుల మీది వరుసలు

పాతపాటకు కొత్త వేషం వేస్తే పెద్దలు ముఖం చిట్లించడం, పిల్లలు చప్పట్లు కొట్టడం ఏనాటినుంచో ఉన్న ముచ్చటే. ఇప్పుడు దానికి రీమిక్స్ అనే పేరు వచ్చింది గాని పని మాత్రం పాతదే. మన ప్రవాసాంధ్ర సంఘాల ఉత్సవాలలో ఈ తగవు తరచుగా అన్నమాచార్యుల సంకీర్తనల దగ్గరకు వచ్చి ఆగుతుంది. కుర్రవాళ్లు కీబోర్డు, గిటారు, డ్రమ్ములు పెట్టుకొని ఒక సంకీర్తన పాడతారు. ముందువరుసలో కూర్చున్న పెద్దవారు "అన్నమయ్య కట్టిన వరుసను పాడుచేశారు" అని నొచ్చుకుంటారు. నొచ్చుకోవడంలో తప్పు లేదు. పాట మీద ప్రేమ లేనివాడు నొచ్చుకోడు. అయితే ఆ మాటలో ఒక చిన్న చిక్కు ఉన్నది. అన్నమయ్య కట్టిన వరుస ఏది? అది ఎవరి దగ్గర ఉన్నది? ఈ ప్రశ్న వెంట నడిస్తే అయిదువందల యేళ్ల కథ కొంత తెలుస్తుంది. ఆ కథను పాఠక మహాశయులకు నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో కడప సీమలోని తాళ్లపాకలో పుట్టి 1503లో పరమపదించారు. పదహారో యేట, అంటే 1424లో, స్వామి ప్రత్యక్షమైన నాటినుంచి సంకీర్తనలు చెప్పారని రాగిరేకుల మీదనే చెక్కి ఉన్నది. ముప్పై రెండు వేలు చెప్పారని మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యంలో రాశాడు. నేడు మనకు దక్కినవి పద్నాలుగు వేల వరకు ఉంటాయి. వీటిని కుమారుడు పెదతిరుమలాచార్యులు రాగిరేకుల మీదకు ఎక్కించి తిరుమల గుడిలోనే ఒక అరలో భద్రపరిచే ఏర్పాటు చేశారు. దానినే సంకీర్తన భాండారం అంటారు. తెలుగుదేశంలో ఒక కవి వాఙ్మయాన్ని ఇంత ఖర్చుకు ఓర్చి, ఇంత ముందుచూపుతో దాచిన సందర్భం మరొకటి నాకు తోచదు. తాటాకు చెదలకు లొంగుతుంది గాని రాగి లొంగదు.

కాని ఆ తండ్రీకొడుకుల ముందుచూపుకు కూడా ఒక హద్దు ఉన్నది. రేకుల మీద పాట మాటలున్నాయి. ప్రతి పాటకూ పైన రాగం పేరు ఉన్నది. స్వరాలు లేవు. తాళం పేరు కూడా దాదాపు ఎక్కడా లేదు. ఆ రోజులలో స్వరం రాసి పెట్టుకోవలసిన అవసరం ఎవరికి? వరుస గురువు నోట ఉన్నది, శిష్యుని చెవిలో ఉన్నది. గుడిలో ప్రతి దినమూ పాడేవారున్నారు. నిత్యమూ ఇంట్లో వండుకునే పులుసుకు ఎవరైనా కొలతలు రాసి పెట్టుకుంటారా? వంట మానివేసిన తరువాత గదా కొలతలు కావలసి వచ్చేది!

వంట మానివేసే రోజు వచ్చింది. 1565లో విజయనగరం కూలింది. తాళ్లపాకవారి వంశం నిలిచింది గాని పాట పలుచబడింది. తిరుమలలో సుప్రభాత వేళ తాళ్లపాక వంశీయులు హాజరు కావడం, రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి పాడడం మాత్రం తప్పలేదు. మిగిలిన వేల పాటలు అరలో చీకట్లో ఉండిపోయాయి. ఒకటి రెండు చోట్ల మాత్రం పాట బ్రతికింది. మన ఇండ్లలో ఊయల ఊపుతూ ఆడవారు పాడే "జో అచ్యుతానంద" ఆ కోవలోనిది. దాన్ని ఎవరు చెప్పారో తెలియకుండానే అమ్మమ్మలు పాడారు, మనం నిద్రపోయాం. రెండవది మరీ విచిత్రం. అరవదేశంలో భజన మఠాలలో భజనకు ఆరంభంగా పాడే తోడయమంగళంలో తాళ్లపాకవారి పాటలు కొన్ని చేరి, మాటల అర్థం పూర్తిగా తెలియని వారి నోట కూడా తరతరాలుగా నిలిచి ఉన్నాయి. తెలుగువారు మరచిన తెలుగుపాటను తమిళ భాగవతులు నిలబెట్టారన్నమాట. త్యాగరాజస్వామి విషయంలోనూ ఇంతే జరిగింది గదా.

రేకుల సంగతి బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియనిది కూడా కాదు. 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణపు పీఠికలో కాంబెల్ దొర తిరుపతి రాగిరేకుల ప్రసక్తి తెచ్చాడు. వాటిలో ప్రాచీన తెలుగు వ్యాకరణం ఉన్నదని ఆశించి చూపిస్తే దేవుని మీది పాటలే కనిపించాయట. దొరకు కావలసినది వ్యాకరణం, దొరికినది సంగీతం. ఆయన అంతటితో వదిలేశాడు. మనవాళ్లు కూడా మరో వంద యేండ్లు వదిలేశారు కనుక ఆయనను ఒక్కడినే అనడం న్యాయం కాదు.

1922 ప్రాంతాలలో దేవస్థానం శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆ రేకులను చదవడం మొదలుపెట్టారు. అప్పటికి గుడి పాలన మహంతుల చేతిలో ఉన్నది. 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడిన తరువాత అచ్చు పని సాగింది. పండిత విజయరాఘవాచార్యులుగారు మొదటి సంపుటాలు పరిష్కరించారు. తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) ఆ బాధ్యత భుజాన వేసుకున్నారు. చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రను ఆయన పెద్ద పీఠికతో 1949లో వెలువరించినప్పుడు గాని ఈ మహానుభావుడు ఎవరో, ఏ కాలంవాడో లోకానికి స్పష్టం కాలేదు. అంటే మనలో కొందరి తాతముత్తాతలు అన్నమయ్య పేరైనా వినకుండా వెళ్లిపోయారు. నేడు తెలుగు ఇంట్లో అయిదేళ్ల పిల్లకు తెలిసిన పేరు అది!

పుస్తకం వచ్చింది. పాట రాలేదు. అచ్చులో ఉన్న పదాన్ని ఎవరైనా గొంతెత్తి పాడాలి. ఎలా పాడాలి? ఇక్కడనుంచే అసలు కథ.

ఈ పనికి మొదట దొరికినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979). మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు చెప్పి, 1949 తరువాత తిరుపతి ప్రాచ్య పరిశోధనాలయానికి వచ్చారు. గాథాసప్తశతిని తెనిగించిన కవి, వేమన మీద ఉపన్యాసాలిచ్చిన విమర్శకుడు, పైగా శాస్త్రీయ సంగీతంలో లోతు తెలిసిన విద్వాంసుడు. సాహిత్యం వచ్చినవారికి సంగీతం రాకపోవడం, సంగీతం వచ్చినవారికి సాహిత్యం పట్టకపోవడం మన దేశంలో మామూలు. రెండూ ఒక్కచోట ఉన్న మనిషి సరిగ్గా కావలసిన వేళకు తిరుపతిలో ఉండడం మన అదృష్టం. ఆయన సంపుటాలు పరిష్కరిస్తూనే నూటికి పైగా పాటలకు వరుసలు కూర్చి స్వరపరిచారు. వీలైనంతవరకు రేకు మీద ఉన్న రాగాన్నే పట్టుకున్నారు. పాట మాట నలగకుండా, విరుపు తప్పకుండా, సంగతులు కుమ్మరించకుండా కూర్చడం ఆయన పద్ధతి. "బ్రహ్మ కడిగిన పాదము"ను ముఖారిలో నేడు మనం వింటున్నామంటే అది ఆయన చలవే. మద్రాసు సంగీత అకాడమీవారు 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు.

అదే కాలంలో విజయవాడలో మరో పాయ సాగింది. 1948 డిసెంబరు 1న అక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలయింది. తెల్లవారుజామున వచ్చే భక్తిరంజని వినని తెలుగు కొంప ఆ రోజులలో అరుదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, బాలాంత్రపు రజనీకాంతరావుగారు వంటి వారు ఆ కేంద్రంలో ఉన్నారు. శ్రీరంగం గోపాలరత్నంగారి గొంతు ఉన్నది. రజనీగారు ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము రాసి సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పండితులు. కొత్తగా వెలువడిన సంకీర్తనలకు ఈ కేంద్రంలో వరుసలు పుట్టాయి. తిరుపతి పద్ధతి వేరు, రేడియో పద్ధతి వేరు. రేడియోలో పాట మూడు నాలుగు నిమిషాలలో ముగియాలి, వాకిట్లో ముగ్గు వేసుకునే ఇల్లాలి చెవిని పట్టాలి. అందుచేత లలిత సంగీతపు పోకడ కొంత కలిసింది. ఇది తక్కువ, అది ఎక్కువ అనే పేచీ నాకు లేదు. ఎక్కువ మందికి పాట అందించినది మాత్రం రేడియోయే.

మూడవవారు నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014). పిఠాపురం ప్రాంతంలో పుట్టి, శ్రీపాద పినాకపాణిగారి దగ్గర పదును దేరి, ప్రభుత్వ సంగీత కళాశాలలకు ప్రిన్సిపాలుగా పనిచేసి, తిరుపతి సంగీత కళాశాలకు కూడా ప్రిన్సిపాలుగా వచ్చారు. ఆయన నూటికి పైగా సంకీర్తనలకు వరుసలు కట్టారు. రాళ్లపల్లివారికీ ఈయనకూ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. పాట భావానికి మరో రాగం నప్పుతుందని తోస్తే నేదునూరివారు రేకు మీది రాగాన్ని పక్కన పెట్టడానికి వెనుదీయలేదు. "నానాటి బదుకు" అందుకు పెద్ద ఉదాహరణ. రేకు మీద ముఖారి అని ఉన్నది. ఆయన రేవతిలో కట్టారు. సంసారం నాటకమనే ఆ పాటకు రేవతి తెచ్చిన వైరాగ్యం విన్నవారికి తెలుసు. ఇక ఆ పాటను మరో రాగంలో ఊహించుకోవడమే కష్టం. తమాషా ఏమంటే రేవతిలో త్యాగరాజు గాని, దీక్షితులు గాని, శ్యామశాస్త్రి గాని కృతులు చేసినట్లు లేదు. కచేరీలలో అది బాగా వాడుకలోకి వచ్చినది ఈ మధ్యకాలంలోనే. పదిహేనో శతాబ్దపు మాట, ఇరవయ్యో శతాబ్దపు రాగం. రీమిక్స్ అనే మాట మనకు నచ్చకపోవచ్చు గాని ఇది మరేమిటి?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "రేకు మీద రాగం ఉండగా మార్చడమెందుకు? ఉన్నది ఉన్నట్లు పాడితే అన్నమయ్యకు దగ్గరగా ఉంటాం కదా!" సబబైన మాటే. కాని రాగం పేరు నిలిచినంత మాత్రాన రాగం నిలుస్తుందా? ముఖారినే చూడండి. నేటి ముఖారి ఇరవై రెండో మేళకర్త ఖరహరప్రియకు జన్యం. అన్నమయ్య పోయిన యాభై యేండ్లలోపే, 1550లో, రామామాత్యుడు స్వరమేళకళానిధి రాశాడు. అందులో ముఖారి మొట్టమొదటి మేళం, శుద్ధ స్వరాలన్నీ కలిసినది. అంటే తరువాతి కాలంలో కనకాంగి అన్న దానికి దగ్గర. చెవికి ఆ ముఖారికీ ఈ ముఖారికీ చుట్టరికం చాలా దూరం. పేరు ఒకటే, మనిషి వేరు. ఊళ్లో ఒకే పేరుగల ఇద్దరు సుబ్బారావులు ఉన్నట్లు! మాళవగౌళ కుటుంబంలోని బౌళి వంటివి అంతగా మారలేదు. కాని కొండమలహరి వంటి రాగాలు రేకుల మీద పేరుగా మిగిలాయే తప్ప నేడు కచేరీలో పాడేవారు లేరు. పైగా వెంకటమఖి డెబ్బై రెండు మేళాల పథకం వేసినది పదిహేడో శతాబ్దంలో. మనం నేడు ఏ రాగాన్నైనా చూసే అద్దం అది. అన్నమయ్య కాలానికి ఆ అద్దమే లేదు.

కాబట్టి రాళ్లపల్లివారు రేకు మీది ముఖారిలో పాడినా, నేదునూరివారు రేవతిలో పాడినా, రెండూ మన కాలపు చెవులతో చేసిన పనులే. ఒకరు పేరుకు కట్టుబడ్డారు, ఒకరు భావానికి కట్టుబడ్డారు. ఇద్దరూ మాటకు కట్టుబడ్డారు. ఈ ముగ్గురిలో – పేరు, భావం, మాట – మాట ఒక్కటే అయిదువందల యేండ్లు చెక్కుచెదరక వచ్చినది గనుక దానిని నలిపినవారిని మాత్రం నేను క్షమించలేను. వరుస కోసం "పాదము"ను "పా–దము"గా విరిచి పాడేవారు కొందరున్నారు. వారికి ఏ రాగమూ రక్షణ కాదు.

ఇంకొక మాట. అన్నమయ్య తాను కూడా ఉన్నదానిని తీసుకొని మార్చినవాడే. రోకలిపాట సువ్వి, తుమ్మెద పదాలు, జాజర, గొబ్బి, చందమామ పాటలు, లాలి, జోల – పల్లెలో ఆడవారు దంచుతూ, దులుపుతూ, పిల్లలను నిద్రపుచ్చుతూ పాడుకున్న పాటల నడకలు ఇవి. వాటిని తీసుకొని గర్భగుడి ముందు నిలబెట్టాడు. ఆ కాలపు పండితులలో ఎవరో ఒకరు ముక్కు విరిచే ఉంటారు, సంస్కృత శ్లోకం పాడవలసిన చోట రోకలిపాట ఏమిటని. మూడు వందల యేళ్ల తరువాత ముత్తుస్వామి దీక్షితులవారు చెన్నపట్టణంలో ఇంగ్లీషు బ్యాండు మేళాన్ని విని, ఆ స్వరాలకు సంస్కృత సాహిత్యం రాశారు. నొట్టుస్వర సాహిత్యాలని వాటికి పేరు. ఇంగ్లాండు రాజుగారి కీర్తన వరుసకు కూడా ఒక పాట ఉన్నది. దీక్షితులను ఎవరూ సంప్రదాయ విరోధి అనలేదు.

1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పింది. నేదునూరివారి శిష్యులు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు (1948–2025) అందులో మొదటినుంచి గాయకులుగా చేరి 2006 వరకు ఉన్నారు. ఆయన ఆరువందలకు పైగా సంకీర్తనలకు వరుసలు కట్టారు. ఊరూరా తిరిగి పాడారు, కేసెట్లు ఇచ్చారు. గురువుగారి కూర్పు కచేరీ వేదికకు వెళితే, శిష్యుని కూర్పు గుడి అరుగు మీదకు, భజన బృందం చేతికి వెళ్లింది. శోభారాజుగారు 1983లో హైదరాబాదులో అన్నమాచార్య భావనావాహినిని స్థాపించి వందలమందికి నేర్పారు. అదే కాలంలో దేవస్థానం ప్రోత్సాహంతో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి బాలాజీ పంచరత్నమాల గ్రామఫోను రికార్డులు వచ్చాయి. నేదునూరివారు ఆమెకు సంకీర్తనలు నేర్పారు. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. తెలుగు ఆమె మాతృభాష కాదు. ఆ వయసులో, ఆ కీర్తి శిఖరం మీద కూర్చుండి, కొత్త పాటలు అక్షరం అక్షరం నేర్చుకొని పాడారంటే ఆ వినయానికి చేతులెత్తి మొక్కాలి. ఆ రికార్డులతో అన్నమయ్య తెలుగు సరిహద్దు దాటాడు. ఆనాడు భారతదేశంనుంచి బయలుదేరిన మన వారి సూట్‌కేసులలో ఊరగాయ జాడీ పక్కన ఆ రికార్డు గాని కేసెట్టు గాని ఉండేది.

రికార్డు చేసిన మేలు అందరికీ తెలుసు. దాని వెనుక ఒక చిక్కు కూడా వచ్చింది. నోటినుంచి నోటికి పోయే పాట కొంచెం కొంచెంగా మారుతూ పోతుంది. రికార్డు మీది పాట మారదు. ఇంటింటా ఒకే గొంతు, ఒకే వరుస వినబడితే ఇరవై యేండ్లలో అదే సంప్రదాయం అయిపోతుంది. కట్టినవారి పేరు రాలిపోతుంది. 1970లలో ఒక విద్వాంసుడు తిరుపతిలో కూర్చుండి, రాత్రింబవళ్లు ఆలోచించి కట్టిన వరుసను మనం "అన్నమయ్య వరుస" అంటాం. ఆ విద్వాంసునికి ఇంతకన్నా గొప్ప మెప్పు లేదనవచ్చు. కాని ఇంతకన్నా పెద్ద అన్యాయం కూడా లేదు.

ఈ దేశంలోనే ఒక ఊరిలో జరిగిన పిల్లల పాటల పోటీకి నేను ప్రేక్షకుడిగా వెళ్లాను. పన్నెండేండ్ల అమ్మాయి "నానాటి బదుకు"ను ముఖారిలో పాడింది. వాళ్ల గురువుగారు రేకు మీది రాగం చూసి కొత్తగా వరుస కట్టారట. చక్కగా పాడింది. న్యాయనిర్ణేతలలో ఒకరు "అసలు వరుస ఇది కాదమ్మా" అని మార్కులు తగ్గించారు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకున్నది. తల్లి "పోనీలే తల్లీ" అని ఊరడించింది గాని, ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు అక్కడున్న వారెవరూ జవాబు చెప్పలేదు: "మరి పుస్తకంలో ముఖారి అని ఎందుకుంది, అమ్మా?" ఈ వ్యాసం రాయడానికి ఆ ప్రశ్న కొంత కారణం. ఆ న్యాయనిర్ణేత చెడ్డవారు కారు, పాట మీద భక్తి ఉన్నవారే. ఎవరి వరుసకు భక్తులో వారికి తెలియదు, అంతే.

1997లో అన్నమయ్య సినిమా వచ్చింది. కె. రాఘవేంద్రరావుగారి దర్శకత్వం, ఎం.ఎం. కీరవాణిగారి సంగీతం, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి గొంతు. కీరవాణిగారికి ఆ సంవత్సరం జాతీయ బహుమతి కూడా వచ్చింది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంశానికే చెందిన వేటూరి సుందరరామమూర్తిగారు ఆ చిత్రంలో పాటలు రాయడం చిత్రమైన సంఘటన. ఒక వేటూరి రేకులు వెలికి తీస్తే, మరో వేటూరి ఆ రేకుల కవి కథకు పాట రాశారు. సినిమా మీద పండితుల ఫిర్యాదులు ఉన్నాయి, కథలో కల్పన పాలు ఎక్కువేనని నేనూ అంటాను. సంగీతం మాటకొస్తే, మేళం పెద్దదైనా మాట వినబడింది. ఆ తరువాత పుట్టిన పిల్లలలో చాలామందికి అన్నమయ్య అంటే మొదట ఆ సినిమాయే. రాళ్లపల్లివారి స్వరావళి చదివి అన్నమయ్య దగ్గరకు వచ్చినవారు ఎంతమంది ఉంటారో, సినిమా చూసి వచ్చినవారు ఎంతమందో మీరే లెక్క కట్టుకోండి.

ప్రవాసంలో ఉన్న మన పాత్ర కూడా చిన్నది కాదు. క్లీవ్‌లాండులో 1978నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతున్నదని అందరికీ తెలుసు. అన్నమయ్య విషయంలో కాలిఫోర్నియాలోని సిలికానాంధ్రవారు పూనుకొని, 2009 మే 10న సికిందరాబాదు పెరేడ్ గ్రౌండ్సులో లక్షగళ సంకీర్తనార్చన జరిపించారు. లక్షా అరవైవేల మంది ఒక్కచోట చేరి సప్తగిరి సంకీర్తనలు, అంటే ఏడు పాటలు, ఒక్క గొంతుగా పాడారు. ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా కొందరు వెళ్లి పాడి వచ్చారు. అంతమంది కలిసి పాడాలంటే వరుస ఒక్కటే ఉండాలి, అందరికీ అందే శ్రుతిలో ఉండాలి, సంగతులు తగ్గాలి. అన్నమయ్య గుడి ముందు దండె మీటుకుంటూ ఒంటరిగా పాడిన పాట, మైదానంలో మైకుల ముందు లక్షమంది పాటగా మారడం కూడా ఒక కొత్త కూర్పే. దానిని ఎవరూ రీమిక్స్ అనలేదు. డ్రమ్ములు లేవు గదా!

డ్రమ్ముల మాట ఎలాగూ వచ్చింది గనుక నా అభిప్రాయం దాచుకోను. కుర్రవాళ్ల మేళాలలో కొన్ని నాకు నచ్చాయి, ఎక్కువ నచ్చలేదు. నచ్చనివాటిలో లోపం గిటారుది కాదు. పల్లవి ఒక్కటి పట్టుకొని పదిసార్లు తిప్పి, మూడు చరణాలలో ఒక్కటీ పాడకుండా ముగిస్తారు. అన్నమయ్య సంకీర్తనలో పల్లవి ప్రశ్న వేస్తే చరణాలు దానిని విప్పుకుంటూ పోతాయి. చరణం వదిలితే చదరంగంలో మొదటి ఎత్తు వేసి లేచిపోయినట్లే. నచ్చినవారు మూడు చరణాలూ పాడారు. వాయులీనానికి, మృదంగానికి అలవాటుపడిన మన చెవి కూడా ఒకనాడు కొత్తదేనని మరువకూడదు. వాయులీనం మన కచేరీలోకి దీక్షితుల కాలంలో వచ్చిన విదేశీ వాయిద్యం.

మన సంఘం కార్యవర్గానికి ఒక మనవి ఉన్నది, చేయడం సులువు గనుక అడుగుతున్నాను. కార్యక్రమ పత్రంలో సంకీర్తన పేరు పక్కన "రచన: అన్నమాచార్యులు" అని వేస్తున్నాము. దాని కింద ఇంకొక వరుస చేర్చి, రేకు మీది రాగం ఏది, ఇప్పుడు పాడుతున్న రాగం ఏది, ఈ వరుస కట్టినది ఎవరు అని కూడా అచ్చు వేయాలి. వరుస ఆ కుర్రవాళ్లే కట్టుకుంటే వాళ్ల పేర్లే వేయాలి. పోటీలలో మార్కుల కాగితం మీద "సంప్రదాయ వరుస" అనే గడి తీసివేసి ఉచ్చారణకు, భావానికి, శ్రుతిలయలకు మార్కులు పెట్టాలి.

ఆ కుర్రవాళ్లకు పని కూడా చాలానే మిగిలి ఉన్నది. పద్నాలుగు వేలలో వరుసలు దక్కినవి ఒక చిన్న భాగమే. అందులోనూ ఉత్సవాలలో మళ్లీ మళ్లీ వినబడేవి యాభై అరవై దాటవు. రేకుల మీద ఉన్నవాటిలో చాలా పెద్ద వంతు శృంగార సంకీర్తనలు. అలమేలుమంగ అలుకలు, చెలుల ఎకసెక్కాలు, దంపతుల సరసాలు, అచ్చమైన రాయలసీమ ఇంటిభాష. వాటిని భక్తి కార్యక్రమంలో పాడడానికి సంకోచించి వదిలేశాము. తిరుపతి దేవస్థానంవారు అచ్చువేసిన సంపుటాలలో అవన్నీ ఉన్నాయి, పాట పైన రాగం పేరుతో సహా. మొన్నటి పోటీలో ఏడ్చిన ఆ అమ్మాయి ఇప్పుడు వాటిలో ఒకదానిని బౌళిలో నేర్చుకుంటున్నదని వాళ్లమ్మగారు చెప్పారు.